ముత్యం పీకేసిన తలుపు

నేను చెప్పాను. 1985లోనే చెప్పాను. పుస్తకం చేత్తో పట్టుకుని, ఏ వరుసలో ఉందో వేలు పెట్టి చూపించి మరీ చెప్పాను. వింటేనా! "నర్సింలూ, నీకు జీతమిచ్చేది సామాన్ల కొట్టు చూసుకోవటానికి. ఇంజిన్ జోలికి రాకు" అన్నాడు ముత్యం. గ్యారేజీలో అందరూ నవ్వారు. ఆ రోజు నేను మూసేసిన పుస్తకాన్ని మళ్లీ తెరవమని అడగడానికి ఆ మహానుభావుడికి ఇరవై మూడేళ్లు పట్టింది. ఆ కోపంతో రాస్తున్నాననుకుంటారేమో. కోపం ఉంది, లేదని ఎందుకు చెప్పాలి? కానీ అతని గురించి రాసేవాడు ఇంకెవడూ లేడు. ఇరవై నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్నాం, ఒకే గిన్నెలో అన్నం వండుకున్నాం. నాకంటే బాగా తెలిసినవాడు ఎవడుంటాడు?

ముత్యానిది మెట్‌పల్లి పక్కన ఊరు. లారీ షెడ్డులో పనిచేసి, 1977లో లేబర్ వీసా మీద దోహాకు వచ్చాడు. నూనె డబ్బు వరదలా వచ్చిపడుతున్న రోజులు. ఎక్కడ చూసినా తవ్వకాలూ, కట్టుబడులే. ఒకరోజు సైటులో కాంక్రీటు మిషన్ ఆగిపోయింది. బాగుచేయడానికి ఊళ్లో పేరున్న మెకానిక్ ఖుత్బుద్దీన్‌ను పిలిపించారు. ఆయన సంచి పట్టుకుని వచ్చేసరికి మిషన్ తిరుగుతోంది. ముత్యం చిన్న తీగముక్కతో ఏదో చేసి, చేతులు తుడుచుకుని, తట్ట మోస్తున్నాడు.

"ఏ ఊరు బేటా నీది?" అన్నాడు ఖుత్బుద్దీన్.

"మెట్‌పల్లి."

"అరె! నాది బోధన్. తట్ట కింద పెట్టు, నాతోని నడువు."

అలా అల్ ముంతజా పక్కనున్న రేకుల షెడ్డులోకి వచ్చి పడ్డాడు. పేరుకు గ్యారేజీ ఒక ఖతరీ పెద్దమనిషిది. కానీ ఖుత్బుద్దీన్‌ను అందరూ ఉస్తాద్ అని పిలిచేవారు కాబట్టి, దాన్నీ ఉస్తాద్ గ్యారేజీ అనే అనేవారు. ముత్యం రెండేళ్లలో ఉస్తాద్‌కు కుడిచెయ్యి అయ్యాడు. బండి గేటు దాటి లోపలికి రాకముందే, చప్పుడు విని జబ్బేమిటో చెప్పేసేవాడు. నూటికి తొంభైసార్లు అదే నిజమయ్యేది. మిగతా పదిసార్లు బండిదే తప్పని వాదించేవాడు. ఆ ధైర్యం చూస్తే నాకు ఒళ్లు మండేది, ముచ్చటా వేసేది.

ఆ గ్యారేజీకి ఒక ఆచారం ఉండేది. ఇంజిన్‌కూ రేడియేటర్‌కూ నడుమ, నీళ్లు పోయే దారిలో, థర్మోస్టాట్ అని ఒక చిన్న ఇత్తడి బిళ్ల ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు అది మూసుకుని ఉంటుంది, నీళ్లు కాగాక తెరుచుకుంటుంది. మావాళ్లు దాన్ని తలుపు అనేవారు. ఏ కారు ఏ పనికి వచ్చినా సరే, బ్రేకులకు వచ్చినా, అద్దానికి వచ్చినా, ముందు రెండు బోల్టులు విప్పి, ఆ తలుపు పీకి, మూలనున్న డ్రమ్ములో పడేయాలి. కొత్తగా చేరినవాడికి నేర్పే మొదటి పని అదే. "ఇది చలిదేశపోళ్ల కోసం పెట్టిన్రు. ఖతర్‌ల చలేడిది? నీళ్లను ఉరకనియ్యి!" అనేవాడు ఉస్తాద్. కస్టమర్లు కూడా తలుపు తీశారా అని అడిగి మరీ తీయించుకునేవారు.

ముత్యం ఈ మాటను వేదంలా పట్టుకున్నాడు. సెలవు మీద ఇంటికి వెళ్లినప్పుడు బావమరిది ట్రాక్టర్‌ను కూడా వదల్లేదు. "దుబాయ్ నుంచి వచ్చినోడు పెండ్లాంతోని రెండు మాటలు మాట్లాడుతడనుకుంటే, మా అన్న ట్రాక్టర్ కింద పండుకున్నడు" అని అతని భార్య గంగామణి ఊరంతా చెప్పుకుని నవ్విందట. ఆ ఊళ్లో గల్ఫ్ అంతా దుబాయే. దుబాయ్ పద్ధతి అని మిగతా ట్రాక్టర్లవాళ్లు కూడా తలుపులు తీయించుకున్నారు.

ఇక ఆ కారు సంగతి.

అమెరికాలో మస్టాంగ్ అనే కారు ఇంటికొకటి ఉండేది. 1965లో ఒక చిన్న కంపెనీ వాటిలో కొన్నింటిని తీసుకుని, పందేలకు పనికొచ్చేలా మార్చి, షెల్బీ అనే పేరుతో అమ్మడం మొదలుపెట్టింది. తెల్ల రంగు, పైన నీలం చారలు. అప్పుడు ఇంజిన్ మామూలుదే, పొగరు మాత్రం ఎక్కువ. రెండేళ్లకు పొగరుకు తగిన ఇంజిన్ పెట్టారు. ఏడు లీటర్లు! మన అంబాసిడర్ ఇంజిన్లు నాలుగు కలిపినా దానికి సరిపోవు. 1968 నడిమిలో దానికే ఇంకా పదును పెట్టి కేఆర్ అన్నారు. అంటే రోడ్డుకు రాజు అని. తయారైనవి పదిహేను వందల పైచిలుకు మాత్రమే. 1970తో ఆట ముగిసింది. పొగ మీద కట్టుబాట్లు వచ్చాయి, ఇన్సూరెన్సు పెరిగింది. ఆ మీదట 1973లో నూనె ధర భగ్గుమనడంతో, గటగటా పెట్రోలు తాగే ఆ కార్లను అక్కడ అడిగేవాడు లేకపోయాడు. అక్కడ వాటి ప్రాణం తీసిన ఆ నూనె ధరే ఇక్కడ దోహాలో మనుషులకు కార్లు కొనే స్తోమత ఇచ్చింది.

ఉమ్ సయీద్ నూనె రేవులో పనిచేసిన అమెరికన్ ఇంజనీరు ఒకాయన 1968 కేఆర్‌ను ఓడలో తెచ్చుకున్నాడు. పదేళ్ల పాతది. ముదురు నీలం, పక్కల తెల్ల చార. దేశం వెళ్లిపోతూ, 1978లో దాన్ని బూ జాసిం అనే ఖతరీ ఆయనకు అమ్మాడు. బూ జాసిం అప్పటికి నలభై రెండేళ్లవాడు. తండ్రి పడవల్లో వెళ్లి, ముత్యాల కోసం సముద్రంలో మునిగి బతికినవాడు, ఈయన పైపుల కాంట్రాక్టులతో పైకొచ్చినవాడు. కారు కొన్న మర్నాడే, నూనె మార్పించడానికి ఉస్తాద్ గ్యారేజీకి తెచ్చాడు. ముత్యం నూనె మార్చాడు. అలవాటు ప్రకారం తలుపు కూడా పీకాడు.

నెల తిరక్కుండానే బూ జాసిం మళ్లీ వచ్చాడు. ఊళ్లో బాగానే ఉంటుందట. వక్రా రోడ్డెక్కి జోరు పెంచితే మాత్రం వేడి చూపించే ముల్లు పైకి ఎగబాకుతుందట, ఆవిరి కక్కుతుందట. ముత్యం రేడియేటర్ కడిగాడు, ఫ్యాను మార్చాడు, పంపు మార్చాడు. ఊహూ. చివరికి నడుం మీద చేతులు పెట్టుకుని తీర్పు చెప్పేశాడు. "ఇది ఖతర్ ఎండ, అర్బాబ్. దీన్ని గంటకు యాభై మైళ్ల జోరుల్నే తోలుకోవాలె. యాభై అయిదు దాటియ్యకుండ్రి."

అర్బాబ్ అంటే దొర. వాళ్లిద్దరూ అరబ్బీ, ఉర్దూ కలిపిన కిచిడీ భాషలో మాట్లాడుకునేవారు. నేను తెలుగులో రాస్తున్నాను. ఆ తీర్పును బూ జాసిం నమ్మాడు. ముప్పై ఏళ్లు ఆ కారును యాభై అయిదు దాటించలేదు.

ఆ ముప్పై ఏళ్లూ దాని మీద ఇంకొకడిని చెయ్యి వేయనివ్వలేదు ముత్యం. కార్బురేటర్ విప్పితే పక్కన గుడ్డ పరిచి, ఒక్కొక్క ముక్కనూ వరుసగా పేర్చేవాడు. ఆదివారం కారొస్తుందంటే శనివారమే ఆ జాగా ఊడ్చి పెట్టేవాడు. 1991లో ఉస్తాద్ పోయాడు. గ్యారేజీ సనాయాకు, అంటే ఊరి బయట ఇండస్ట్రియల్ ఏరియాకు మారింది. ముత్యం పెద్ద మిస్త్రీ అయ్యాడు. గోడ మీద ఉస్తాద్ ఫొటో పెట్టి, దాని కింద నిలబడి కొత్తవాళ్లకు తలుపు పీకడం నేర్పాడు.

నేను 1984లో చేరాను. కోరుట్లలో ఇంటర్ చదివినవాడిని. ఆ రోజుల్లో ఆ గ్యారేజీకి నేనే పండితుడిని. ఆ నీలం కారు డిక్కీలో అమెరికన్ వదిలేసిన లావుపాటి పుస్తకం ఒకటి ఉంటే, ఖాళీ దొరికినప్పుడల్లా చదివాను. థర్మోస్టాట్ లేకుండా బండి నడపవద్దని అందులో స్పష్టంగా ఉంది. తీసుకెళ్లి చూపించాను. ఆ తర్వాత ఏం జరిగిందో మొదట్లోనే చెప్పాను కదా.

2008 ఆగస్టు వచ్చింది. మళ్లీ నూనె ధర ఆకాశంలో ఉంది, దోహా నిండా క్రేన్లు. అమెరికావాళ్లకు మళ్లీ పాత పొగరు గుర్తొచ్చింది. ముప్పై ఏడేళ్లు ఆగి షెల్బీని తిరిగి తెచ్చారు. ఆ వెంటనే, నలభై ఏళ్ల పండుగ పేరుతో, కేఆర్‌ను కూడా తెచ్చారు. పాతది కాగితం మీద మూడు వందల ముప్పై అయిదు గుర్రాల బలం, కొత్తది అయిదు వందల నలభై. ఇదీ కొద్దిమందికే. ఆ కొద్దిమందిలో ఒకడు బూ జాసిం కొడుకు జాసిం. విమానంలో తెప్పించుకున్నాడు.

జాసిం మంచివాడే, కానీ ఓపిక తక్కువ. గ్యారేజీకి ఒక పెద్ద చెక్కపెట్టె దింపించి, ముత్యాన్ని పిలిచాడు.

"ఇందులో కొత్త ఇంజిన్ ఉంది. బాబా కారుకు పెట్టిస్తాను. శుక్రవారం మా మిత్రులమంతా కార్లతో ఉమ్ సయీద్ అవతల సముద్రం దాకా వెళ్తున్నాం. రంజాన్ ముందు చివరి షికారు. కొత్త కేఆర్ పక్కన పాత కేఆర్ రావాలని బాబా ఆశ. నాకేమో అది దారిలో ఆవిరి కక్కుతూ ఆగుతుందని భయం. బాబా ఒక్క అవకాశం ఇవ్వమన్నాడు, ఇచ్చాను. ఆగకుండా చేరితే పాత ఇంజిన్ ఉంటుంది. ఆగితే శనివారం వేరే గ్యారేజీవాళ్లు వచ్చి తీసేస్తారు. ఖలాస్."

"ఆగదు" అన్నాడు ముత్యం. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నాకు తల బాదుకోవాలనిపించింది.

పాత ఇంజిన్ తీసేస్తే తుక్కు. ముప్పై ఏళ్లు ముత్యం విప్పి బిగించిన ప్రతి బోల్టూ తుక్కు. యాభై ఎనిమిదేళ్ల మిస్త్రీ చేతిలోంచి కారు లాక్కుని ఇంకొకడి చేతిలో పెట్టడమంటే సనాయా అంతటికీ చాటింపు వేసినట్టే. అది అతనికీ తెలుసు. ఆ రాత్రి అన్నం సగమే తిన్నాడు.

సోమ, మంగళవారాల్లో కొత్త రేడియేటర్ వేశాడు, పంపు వేశాడు, పైపులన్నీ మార్చాడు. బుధవారం మధ్యాహ్నం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వక్రా రోడ్డెక్కాడు. ఎండ కళ్లలో గుచ్చుతోంది. యాభై దాకా ముల్లు బుద్ధిగా ఉంది. డెబ్బైకి తీసుకెళ్లాడు. ముల్లు కదిలింది. వక్రా మలుపు చేరేసరికి బానెట్ సందుల్లోంచి బుస్సుమని ఆవిరి. ముత్యం కారు పక్కకు తీసి, దిగి, టైరును ఒక్క తన్ను తన్నాడు. ముప్పై ఏళ్లలో అతను ఆ కారును తన్నడం అదే మొదటిసారి.

"ఇగ మార్చేటందుకు ఏం మిగిలిందిరా దీంట్ల!" అన్నాడు.

"తలుపు" అన్నాను.

"మల్ల అదేనా! చచ్చినోని మాట కాదంటవా? ఉస్తాద్‌కు తెల్వదా?"

నాకూ ఆవేశమొచ్చింది. "ఉస్తాద్‌కు తెలుసో తెల్వదో నాకు తెల్వదన్నా! పుస్తకానికి తెలుసు. ఇంజిన్ చేసినోడే రాసిండు. నీకు కొమ్ములున్నయి, నాకు చదువున్నది. రేపొక్కనాడు నా మాట విను. శనివారం ఇంజినే ఉండది, ఇగ ఎవ్వని మాట వింటే ఏంది?"

ఆవిరి తగ్గేదాకా ముత్యం రోడ్డు పక్క ఇసుకలో గొంతుక్కూర్చుని సముద్రం వైపు చూశాడు. తర్వాత లేచి, నా ముఖం చూడకుండా అడిగాడు. "పుస్తకంల ఏం రాసున్నదో చదువు. తెలుగుల చెప్పు."

ఆ మాట కోసం ఇరవై మూడేళ్లు ఎదురుచూశాను. తీరా విన్నాక సంబరం రాలేదు. డిక్కీలోంచి పుస్తకం తీసి చదివి చెప్పాను. తలుపు చలి కోసం ఒక్కదానికే కాదు. నీళ్లను కాస్త ఆపి, ఇంజిన్ లోపల ఒత్తిడి నిలబెడుతుంది. అది లేకపోతే, జోరుగా నడిపినప్పుడు లోపల అక్కడక్కడ ఆవిరి పట్టి, నీళ్లు వేడిని లాగలేవు. మెల్లగా నడిపితే ఏ బాధా లేదు. అందుకే ఊళ్లో బాగుండేది, హైవే మీద కక్కేది.

"అయితే ఒకటి పట్టుకరా" అన్నాడు.

ఇక్కడ నా సిగ్గు కూడా చెప్పాలి. సామాన్ల కొట్టు నాది. ఇరవై నాలుగేళ్లలో ఒక్క థర్మోస్టాట్ కూడా నేను తెప్పించలేదు. పీకేసేవాటిని ఎందుకు తెప్పించాలి? దోహా దుకాణాలన్నింటికీ ఫోన్లు చేశాను. ఎక్కడా లేదు. అదే కంపెనీ పాత పికప్పులకూ ఇదే కొలత సరిపోతుందని పుస్తకంలో ఉంటే, గురువారం పొద్దున్నే ఇద్దరం అల్ వుకైర్ వైపున్న తుక్కు యార్డుకు వెళ్లాం. యార్డు చూసేది జహాంగీర్ అనే హైదరాబాదాయన.

మాకు కావలసింది విని జహాంగీర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "వారెవా ముత్యం భాయ్! ఇన్నేండ్ల సంది డ్రమ్ములకు డ్రమ్ములు నాకు అమ్మింది ఎవరయ్యా? మీరే గదా! అన్నీ ఇత్తడి కింద కరిగిపోయినయ్. ఇప్పుడు నన్నే అడుగుతవా?"

ముత్యం చెవులు ఎర్రబడ్డాయి. మామూలుగా అయితే కొట్లాట అయ్యేది. ఆ రోజు మాత్రం, "జర వెతుకుదాం భాయ్, నీకు దండం పెడ్త" అన్నాడు. మధ్యాహ్నం దాకా, కాలే రేకుల మీద ఎక్కి దిగి, పికప్పులు ఒక్కొక్కటే విప్పాం. నాలుగింటిలో లేదు. నాలుగూ మా గ్యారేజీ మొహం చూసినవే. అయిదోది దుఖాన్ వైపు ఎక్కడో నూనెబావి దగ్గర పుట్టి, అక్కడే పాడైన బండి. మా చేతికి ఎప్పుడూ రాలేదు. దాని తలుపు దాని దగ్గరే ఉంది.

అది పనిచేస్తుందో లేదో చూసే పద్ధతి కూడా పుస్తకంలోనే ఉంది. గదికి వచ్చి, అన్నం గిన్నెలో నీళ్లు పోసి, స్టవ్ మీద పెట్టాం. బిళ్లను తీగకు కట్టి నీళ్లలోకి దించాను. ముత్యం గిన్నె మీదికి వంగి కూర్చున్నాడు. నీళ్లు వెచ్చబడ్డాయి, ఏమీ కాలేదు. అడుగున చిన్న బుడగలు లేచాయి, ఏమీ కాలేదు. "సచ్చింది ఇది" అన్నాడు. అప్పుడే ఇత్తడి మూత మెల్లగా, వేలి గోరంత, ఇంకొంచెం, ఇంకొంచెం తెరుచుకుంది. తీగ పైకి లాగాను. గాలి తగిలి చల్లారగానే మళ్లీ మూసుకుంది.

"ఇంకోసారి ముంచు" అన్నాడు. ముంచాను. "ఇంకోసారి." అయిదుసార్లు చూశాడు. వేల తలుపులు పీకిన మనిషి, ఒక్కటి కూడా తెరుచుకోవడం అంతకుముందు చూడలేదు.

"ఎంత మంచిగ చేసిండురా ఎవడో" అన్నాడు. "మరి ఉస్తాద్ ఎందుకు తియ్యమన్నడు?"

దానికి జవాబు నా దగ్గర ఉంది, చెప్పాను. నేను చేరిన కొత్తలో ఉస్తాదే చెప్పాడు, ఎవరూ పట్టించుకోలేదు. మొదటి రోజుల్లో దోహాలో బండ్లకు పోసేది ఉప్పునీళ్ల బావి నీరు. ఆ ఉప్పు పేరుకుని తలుపులు మూసుకున్నచోటే బిగుసుకుపోయేవి, ఇంజిన్లు పట్టేసేవి. అందుకని తీసేయడం మొదలుపెట్టాడు. తర్వాత మంచినీళ్లు వచ్చాయి, డబ్బాల్లో కూలెంట్ వచ్చింది. ఆచారం మాత్రం అలాగే ఉండిపోయింది.

"అంటే ఉస్తాద్ తప్పు లేదు" అన్నాడు ముత్యం. "ఆ నీళ్లు పోయి ఇరవై ఏండ్లాయె. నేనే ఆ అలవాటు పోనియ్యలే." స్టవ్ ఆర్పి, ఆ బిళ్లను తువ్వాలుతో తుడిచి, జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రానికల్లా కారుకు బిగించేశాం. హైవే మీద పరీక్ష చేయడానికి వ్యవధి లేదు. జాసిం డ్రైవర్ వచ్చి కారు తీసుకెళ్లిపోయాడు.

శుక్రవారం ఉదయం ఆరుగంటలకు సముద్రపు ఒడ్డున కార్నిష్ రోడ్డు దగ్గర పదిహేను కార్లు నిలబడ్డాయి. పాత కారును ముత్యాన్నే నడపమన్నారు. పక్కన డెబ్బై రెండేళ్ల బూ జాసిం. వెనక ఆ ఇరుకు సీటులో, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, నేను. ముందు కొత్త కేఆర్‌లో జాసిం. వక్రా దాటేదాకా అందరూ మెల్లగా వెళ్లారు. రోడ్డు ఖాళీ కాగానే జాసిం జోరు పెంచాడు. ముత్యం కూడా పెంచాడు. అరవై, డెబ్బై. నేను ముల్లు మీదే చూపు పెట్టి కూర్చున్నాను. అది సగం దాకా వచ్చింది, అక్కడే ఆగింది. ఉమ్ సయీద్ పైపులూ, గొట్టాలూ దాటాం. ఇసుక తిన్నెలు మొదలయ్యాయి. ముల్లు అక్కడే ఉంది. సముద్రం ఒడ్డున కారు ఆపేసరికి నా చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

జాసిం పరుగున వచ్చి ముత్యాన్ని కావలించుకున్నాడు. "మబ్రూక్! గెలిచావు! ఏం మార్చావు?"

నేను వెనక నుంచి తెలుగులో గొణిగాను. "రేడియేటర్ అని చెప్పన్నా. కొత్తదే వేసినవ్, అబద్ధం కాదు. చెప్పి ఊకో."

ముత్యం నా వైపు చూశాడు. తర్వాత టోపీ తీసి, బూ జాసిం వైపు తిరిగాడు.

"అర్బాబ్, డెబ్బై ఎనిమిదిల మీరు నూనె మార్పియ్యనీకి వస్తే, దీని తలుపు నేనే పీకిన. ఈ కారు కాగింది ఎండకు కాదు. నా చేతికి. ముప్పై ఏండ్లు తప్పు చెప్పిన. నిన్న మల్ల పెట్టిన. అంతే మార్చింది."

జాసిం చేతులు కిందికి జారాయి. "ముప్పై ఏళ్లా! ఇంకా ఏమేం పీకాడో ఎవరికి తెలుసు? ఇంజిన్ రేపే తీయించేస్తాను బాబా!"

బూ జాసిం కారు బానెట్ మీద చెయ్యి పెట్టాడు. "ఈ రోడ్డు మీద అందరూ నన్ను దాటిపోయేవారు" అన్నాడు. "కూరగాయల బండ్లు కూడా హారన్ కొట్టి పోయేవి. రోడ్డుకు రాజు అని దీని పేరు చెప్పుకోవడానికి సిగ్గేసేది. నువ్వు ఎండ అన్నావు. నేను నమ్మాను."

"అవును, అర్బాబ్." ముత్యం తల వంచుకోలేదు. కళ్లనిండా నీళ్లతో ఆయన ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు.

ముసలాయన కొడుకు వైపు తిరిగాడు. "రేపు వచ్చేవాడు తప్పు చేస్తే నీకు చెబుతాడా?"

జాసిం కాలితో ఇసుకను తన్నాడు.

"చెప్పడు. వాడూ ఎండ అంటాడు. ఇంజిన్ ఉంటుంది. ముత్యం చేతిలోనే ఉంటుంది." అని, ముత్యం ముందు అరచెయ్యి చాపాడు. "తాళంచెవి ఇవ్వు."

"బాబా, మీ కళ్లు..."

"నాకు దూరం బాగానే కనిపిస్తుంది. దగ్గరే కనిపించదు. రోడ్డు నేను చూసుకుంటాను. ముల్లు ముత్యం చూస్తాడు. యల్లా."

ఆయన స్టీరింగ్ ముందు కూర్చున్నాడు, ముత్యం పక్కన. నేను మళ్లీ ఆ వెనక సీటులోకి దూరి, తెలిసిన దేవుళ్లందరికీ దండం పెట్టుకున్నాను. తిన్నెలు దాటాక రోడ్డు తిన్నగా, ఖాళీగా సాగింది. ముత్యం ముందుకు వంగి చదవడం మొదలుపెట్టాడు. "నలభై. ముల్లు మంచిగున్నది, అర్బాబ్. యాభై. యాభై అయిదు."

యాభై అయిదు దగ్గర ఇంజిన్ చప్పుడు తగ్గింది. ఏమైందో నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఏమీ కాలేదు, ముసలాయన కాలు దానంతటదే పైకి లేచింది. ముప్పై ఏళ్ల అలవాటు. ముత్యం ఆ కాలు వైపు చూశాడు. అతని ముఖం ముడుచుకుపోయింది.

"కాలు తియ్యకుండ్రి అర్బాబ్" అన్నాడు. మళ్లీ గట్టిగా అన్నాడు. "తొక్కుండ్రి! నేనున్న, తొక్కుండ్రి!"

ఆయన తొక్కాడు. నా వీపు సీటుకు అతుక్కుంది. అరవై, డెబ్బై, ఎనభై అని ముత్యం అరుస్తూనే ఉన్నాడు. తొంభై దాటాక అంకెలు చదవడం మానేశాడు.

"వేడి?" అని అరిచాడు ముసలాయన, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"లేదు, అర్బాబ్" అన్నాడు ముత్యం, ముంజేత్తో ముఖం తుడుచుకుంటూ. "ముల్లు కదలలే."